పిట్ట ముట్టని వీరుడు

"ఏం పాపం చేసిండో ముందుగాల చెప్పు," అన్నాడు దేవిదాస్.

గంగమణికి ఒళ్లు మండింది.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే దేవిదాస్ ఆ ఎండాకాలం సెలవులకు ఆర్మూరు వస్తూ హాస్టల్ నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. ఆడేవాళ్లు తలా ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేస్తూ నోటితోనే యుద్ధాలు చేయాలి. మిగతా పాత్రలన్నీ ఆట నడిపే దేవిదాసే మాట్లాడతాడు. అతని పెదనాన్న కూతురు గంగమణి, చచ్చి లేచిన వీరుణ్ణి ఎంచుకుంది. తుప్పుపట్టిన కవచం, కళ్ల చోట రెండు గుంటలు. వాడి పాత కథ మాత్రం ఆడేవాళ్లే అల్లాలి.

"పుస్తకంల గట్లనే ఉన్నది," అన్నాడు దేవిదాస్. "ఇచ్చిన మాట తప్పినోడే చచ్చినంక లేస్తడు."

"గది రాసినోడు ఎన్నడన్న చచ్చి చూసిండా?"

బతికున్నవాళ్ల తప్పులన్నీ చచ్చినవాడి నెత్తిన రుద్దడం ఎంత తేలిక! ఎదురు మాట్లాడడు కదా, ఎన్నయినా అనొచ్చు.

"నా వీరుడు ఏ పాపం చెయ్యలే," అంది గంగమణి. "మూడోనాడు పెడితే పిట్ట ముట్టలే. గందుకే లేచిండు."

దేవిదాస్ నవ్వాడు. గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆమె తల్లి లక్ష్మవ్వ మాత్రం నవ్వలేదు.

పోయిన మూడోనాడు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెడితే పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో ఇంటివాళ్లు తలా ఒకటి ఊహించి మొక్కుకోవాలి.

"ఆయన కోటల మూటలు మోసేటోడు," అంది గంగమణి. "తోటోళ్లంత తాగుతరు, ఈయన వాసన గూడ సూడడు. ఓనాడు మూటతోని కిందవడి సచ్చిండు. పిట్ట వస్తలేదు. బిడ్డను సదివిస్తమన్నరు, రాలే. అప్పుడు తమ్ముడు బ్రాందీ సీస తెచ్చి పెట్టిండు. కూర కోసం వచ్చిన కాకి కూరే తిన్నది. సూసిండ్రా, గిదే అడిగిండు అన్నరు అందరు."

దేవిదాస్ నవ్వు ఆగిపోయింది. ఆ తమ్ముడు ఎవరో అతనికి అర్థమైంది: తన తండ్రి రాజన్న.

గంగమణి తండ్రి భూమన్న పసుపు మార్కెట్లో హమాలీ. రెండేళ్ల కిందట లారీ మీద నుంచి బస్తాతో సహా పడి చనిపోయాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఆ సీసా పెట్టిన నాటి నుంచి, తాగి లారీ ఎక్కాడట, అందుకే పడ్డాడట అని మార్కెట్ అంతా ఒకటే మాట. తాగుబోతోని బిడ్డ అని కాలేజీలో కూడా అన్నారు. సీసా పెట్టింది సొంత తమ్ముడాయె, ఇంక ఎవరు కాదంటారు?

"ఇప్పుడు నీ వీరుడు ఏం జేస్తడు?" అన్నాడు దేవిదాస్, గొంతు తగ్గించి.

"తమ్ముని ఇంటికి పోతడు. కత్తి దియ్యడు. ఒక్కటే అడుగుతడు: నేను తాగేటోణ్ణని నీకెవరు చెప్పిండ్రు? తమ్ముని పాత్ర నీదే గదన్నా, చెప్పు."

దేవిదాస్ పాచికలు కింద పెట్టాడు.

"ఎవరు చెప్పలే. సీస పొద్దుగాలనే సంచిల ఉండె. మూడోనాటి పని అయినంక తాగుదమని బాపోళ్లు తెచ్చుకున్నరు. ఎండ ముదిరింది, అందరికి ఆకలైతుంది, పిట్ట వస్తలేదు. ఏదో ఒకటి పెట్టి లేద్దామన్నడు బాపు. పెద్దబాపు ముట్టడని మాకెరుకే, పెద్దమ్మా."

ఆఖరి మాట లక్ష్మవ్వను చూసి అన్నాడు. ఆమె చాట పక్కన పెట్టి లేచింది.

"నడు. గిదే మాట మార్కెట్ల హమాలీల ముంగట చెప్పు. మీ బాపును గూడ పిలువు."

"పెద్దమ్మా, గిది ఆట."

"ఆనాడు మీరు ఆడింది గూడ ఆటనే బిడ్డా. నడు."

గంగమణి అప్పటికే చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.