నల్ల మూమూ

ఛీ! ఆ మెసేజ్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

పంపింది డార్లీన్, మా అక్క ఇవలానీకి వియ్యపురాలు. హొనొలులులో ఉంటుంది. అక్క మనవరాలు లిలినోయెకి ఏడాది నిండిన విందు మాత్రం హిలోలో, మా ఊళ్ళో, సముద్రం పక్క హాల్లో పెట్టుకున్నాం. "కుటుంబానికంతటికీ ఒకటే ప్రింటు ఎంచాను వదినగారూ. ఆకుపచ్చ మీద తెల్ల సీమపనస ఆకులు. ఆడవాళ్ళకి గౌన్లు, మగవాళ్ళకి చొక్కాలు. గౌన్లు ఎక్సెల్ సైజు వరకే వస్తాయట. కాస్త ఒళ్ళున్న మన ఆంటీలు వదులుగా ఉండే ప్లెయిన్ నల్ల మూమూ గౌన్లు వేసుకుంటే హుందాగా ఉంటుంది. నలుపులో సన్నగా కూడా కనిపిస్తాం కదా!" అని రాసి, కింద పువ్వుల బొమ్మలు పెట్టింది.

కనిపిస్తామట! ఎండు చేపంత మనిషి, ఆవిడకెందుకు నలుపు?

ఆ ఒళ్ళున్న ఆంటీలు ఎవరో కాదు, మా అక్క, నేను. అక్క ఎవరు? ఆ పసిదానికి సొంత నాయనమ్మ. మొగుడు పోయాక బడి వంటశాలలో గిన్నెలు తోమి కముయేలాని పెంచింది. ఆ కముయేలాయే ఈ పిల్ల తండ్రి. ఇప్పుడు హొనొలులులో అత్తగారింట్లో కాపురం.

ఏడాది విందుకి ఇంటిల్లిపాదీ ఒకే గుడ్డ వేసుకోవడం మాకు సరదా కోసం కాదు. హాలు నిండా జనం ఉంటారు. పంది ఎవరు కాల్చారో, ఎవరి బిడ్డో అందరికీ తెలియదు. ఆ ప్రింటు ఒంటిమీద ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళు, లేనివాళ్ళు బయటివాళ్ళు. అంతే లెక్క. దూరపు బంధువుకైనా ఆ గుడ్డ ముక్క ఇస్తే వాడు పొంగిపోతాడు. అలాంటిది సొంత నాయనమ్మకి లేదన్నారు.

"నల్లదైతే నల్లదేలే," అంది అక్క ఫోను పక్కన పెట్టి. "పసిదాని పండగే గానీ నా పండగా?"

"అక్కా, నీకు సిగ్గూ ఎగ్గూ లేవా?"

"ఉన్నాయి కాబట్టే ఊరుకుంటున్నా. నువ్వూ ఊరుకో నోహీ."

నేను ఊరుకునే రకం కాదు. ఆ ప్రింటు అమ్మే బట్టల కంపెనీ వాళ్ళు వారం చివర హిలోలో అమ్మకం పెడితే అక్కని లాక్కుపోయాను. ఎక్సెల్ అంటారు గానీ కొందరు వదులుగా కుడతారు, చూద్దాం పద అన్నాను. అక్క కారులో జడ విప్పి కొత్తగా ముడి వేసుకుంది, పెదాలకి రంగు రాసుకుంది. ఆశ ఉందన్నమాట.

గౌను హ్యాంగరు మీద వేలాడుతుంటే బాగానే ఉంది. మార్చుకునే గది అని ఒక కర్టెన్ కట్టారు, మేకపిల్ల కూడా తిరగలేనంత ఇరుకు. అందులో అక్క, గౌను, నేను. తల పట్టింది, భుజాలు పట్టాయి, ఛాతీ దగ్గర ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. చేతులు రెండూ పైకెత్తుకుని, మొహం గుడ్డలో, పొట్ట బయట, అక్క అలా నిలబడిపోయింది. ఉక్కపోత. ఇద్దరికీ చెమటలు. ఎవరిదో సెంటు వాసన ఆ గుడ్డకి ముందే అంటుకుని ఉంది.

"లాగవే," అంది గుడ్డలోంచి.

"చిరుగుతుందే."

"చిరిగితే చిరగనీ. ఊపిరాడట్లేదు!"

బయట్నించి బట్టలమ్మే అమ్మాయి, చెవిలో పువ్వు పెట్టుకున్న పుల్ల లాంటిది, తియ్యగా పలికింది: "ఆంటీ, ఆ గుడ్డ సాగదండీ. జాగ్రత్త."

ఎలాగో ఊడబెరికాను. అక్క జడ ముడి ఊడిపోయింది, పెదాల రంగు గడ్డం దాకా పాకింది. అద్దంలో చూసుకోలేదు. బ్లౌజు గుండీలు పెట్టుకుంటూ గోడ వైపు తిరిగింది. అరవై దాటిన మనిషి, పదిమందికి వండి పెట్టిన మనిషి, గోడ వైపు.

నేను గౌను పట్టుకుని బయటికొచ్చాను. "ఇంతకంటే పెద్దది ఎందుకు కుట్టరమ్మా?"

"మా డిజైనర్‌గారు ఒప్పుకోరు ఆంటీ. పెద్ద సైజుల్లో ఈ ప్రింటు సరిగ్గా పడదంటారు. ఆకులు సాగదీసినట్టు కనిపిస్తాయట."

అప్పుడు చూశాను. ఆ అమ్మాయి వెనకే మగవాళ్ళ చొక్కాలు. అదే ఆకుపచ్చ, అవే ఆకులు. మెడ పట్టీ తిప్పి చూశాను. త్రీఎక్సెల్. ఫోర్ఎక్సెల్. ఒకటైతే ఫైవ్ఎక్సెల్, మా ఇంటి కిటికీకి తెర కట్టుకోవచ్చు.

"మరి వాళ్ళ పొట్టల మీద ఆకులు ఎలా పడ్డాయే?"

పిల్ల నవ్వింది. "మగవాళ్ళ సైజులు వేరు కదండీ."

వేరట! మగాడి పొట్ట పండగ, ఆడదాని పిర్రలు తప్పు. పైగా ఆ గౌను కూడా మూమూయే కదా, అది ఎవరిదని? మా ముత్తవ్వల కాలంలో దొరసానులు ఓడ దిగి, మా ఒళ్ళు చూసి కళ్ళు మూసుకుని, కప్పుకోండే అని మెడ నుంచి మడమ దాకా ఆ గోనెసంచి తొడిగారు. సరే, తొడుక్కున్నాం. పూలు వేసుకున్నాం, రంగులు వేసుకున్నాం, ఎంత ఒళ్ళున్నా గాలాడేలా మార్చుకుని అందులోనే వండాం, ఆడాం, బిడ్డల్ని కన్నాం. ఇన్నాళ్ళకి అది అందంగా ఉందని కనిపెట్టి, నడుము బిగించి, మాకే పట్టదంటున్నారు. ఇంతకంటే రోత ఇంకేముంటుంది?

"అక్కా, ఈ చొక్కాలు రెండు కొందాం," అన్నాను కారెక్కాక. "విప్పి కలిపి కుడితే నీకు బ్రహ్మాండమైన గౌను అవుతుంది."

అక్క కళ్ళు ఒక్కసారి వెలిగాయి. వెంటనే ఆరిపోయాయి. "కముయేలాని అడుగు. వాళ్ళ వేడుక. వాడు సరేనంటే సరే."

అడిగాను. స్పీకర్లో పెట్టి అడిగాను, అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"పిన్నీ, ఇప్పుడిదంతా ఎందుకు చెప్పు?" అన్నాడు వాడు. "అత్తయ్య అంతా ప్లాన్ చేశారు. ఆడవాళ్ళు గౌన్లు, మగవాళ్ళు చొక్కాలు. ఫొటోల్లో అమ్మ మగ చొక్కాలో ఉంటే ఏం బావుంటుంది? నలుపే నీటు. అమ్మ ఏమీ అనుకోదులే."

"నీ చొక్కా ఏ సైజురా?"

"ఫోర్ఎక్స్. ఎందుకు?"

వాడి ఒళ్ళు అచ్చం అక్క ఒళ్ళే. అవే భుజాలు, అదే పొట్ట, అవే తొడలు. ఆ ఒంటికి గుడ్డ దొరికింది, ఆ ఒళ్ళు ఇచ్చినదానికి దొరకలేదు. ఈ మాట వాడితో అనబోయాను. అక్క చెయ్యి చాచి ఫోను ఆపేసింది.

"విన్నావుగా. నేనేమీ అనుకోను," అంది.

విందు రోజు పొద్దుట్నించీ వాన. హిలోలో వాన లేని పండగ ఉంటే అది అపశకునం, దాని గురించి కాదు నా బాధ. నల్ల మూమూల్లో మేమిద్దరం హాల్లో అడుగు పెట్టామో లేదో నా కాళ్ళు ఆగిపోయాయి. డార్లీన్ హొనొలులు నుంచి వడ్డించేవాళ్ళని తెప్పించింది. పదిమంది దాకా ఉన్నారు, ఆడా మగా. అందరికీ నల్ల బట్టలు. మెడలో దండలు మాకూ ఉన్నాయి, వాళ్ళకీ ఉన్నాయి.

డార్లీన్ ఎదురొచ్చి అక్కని వాటేసుకుంది. "వదినగారూ, ఎంత హుందాగా ఉన్నారో! నే చెప్పలా?"

"మీ పనివాళ్ళు కూడా హుందాగానే ఉన్నారు," అన్నాను నేను. ఆవిడకి అర్థం కాలేదు. అక్క నా చెయ్యి గిల్లింది.

ఆకుపచ్చ ఎటు చూసినా. కోడలు షెయ్నా, దాని చెల్లెళ్ళు, ఎవరెవరో. మా ఆయన వెండెల్‌కి కూడా చొక్కా వచ్చింది, నా పక్కన నిలబడ్డానికి సిగ్గుపడుతూ మాటిమాటికీ మెడ గోక్కుంటున్నాడు. పసిది కూడా ఆకుపచ్చ గౌనులోనే ఉంది.

గుంతలో కాల్చిన పంది తీశారు, 'పోయి' అనే చేమదుంప ముద్ద వడ్డించారు, జనం తిన్నారు. అప్పుడు జరిగింది. హొనొలులు వైపు ఆవిడెవరో, ముత్యాల చెవికమ్మలు, తిన్న పళ్ళెం అక్క ముందు చాపింది. ఎముకలు, నలిపిన కాగితాలు, నమిలి ఉమ్మిన కొవ్వు ముక్క.

"ఆంటీ, ఇది తీసుకెళ్ళరా? థాంక్యూ."

మా దీవుల్లో పెద్ద ఆడది కనిపిస్తే అందరూ ఆంటీ అనే అంటారు. మర్యాదకీ అదే, పనికీ అదే. నేను లేచాను. నేను నోరు తెరిచేలోపల అక్క ఆ పళ్ళెం అందుకుంది.

"అలాగేనమ్మా," అంది. నవ్వింది కూడా.

"అక్కా! అక్కడ పెట్టెయ్ దాన్ని!"

"అరవకే. ఆవిడకి తెలీదుగా. తెలిస్తే పాపం ఆవిడే సిగ్గుపడుతుంది."

ఆ మేజా దగ్గరే ఇంకొకాయన కూడా తన పళ్ళెం దాని మీద పెట్టాడు. తర్వాత ఇంకొకరు. అక్క ఎంగిలి పళ్ళేల దొంతర గుండెకి ఆనించుకుని నడుస్తోంది, మనవరాలి పుట్టినరోజు నాడు. నూనె కారి నల్ల గుడ్డ మీద పడుతోంది, నలుపు కాబట్టి కనిపించడం లేదు.

అదే సమయానికి ఫొటోగ్రాఫర్ చప్పట్లు కొట్టాడు. "ఇంటివాళ్ళంతా వేదిక మీదకి రండి! ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ అంతా ఇటు!"

అందరూ వెళ్ళారు. కముయేలా మధ్యలో, చంకలో పసిది. అక్క పళ్ళేలతో వేదిక పక్కకి వచ్చి ఆగింది. మధ్యలోకి వెళ్ళాలో లేదో తెలియక ఆగింది. బిడ్డ పిలుస్తాడని ఆగింది.

"ఆంటీ," అన్నాడు ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి కళ్ళు తీయకుండా, "కొంచెం పక్కకి జరగండి. మీరు ఫ్రేములోకి వస్తున్నారు."

హాల్లో ఎవరో నవ్వారు. మా బంధువుల్లో కొందరు తల దించుకున్నారు. నేను కముయేలా మొహంలోకే చూస్తున్నాను. వాడు విన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. డార్లీన్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు. మా అమ్మరా అది అంటే చాలు.

"పర్లేదమ్మా," అన్నాడు. "ముందు ఇది అవనీ. తర్వాత నీతో విడిగా ఒకటి తీయించుకుందాం."

థూ! నిజంగానే ఉమ్మాను, హాల్లోనే, నేల మీద. ఎవరేమనుకుంటే నాకేం.

అక్క పళ్ళేలు వేదిక మెట్టు మీద పెట్టింది. చేతులు మూమూకి తుడుచుకుంది. మెట్లెక్కి కొడుకు ముందు నిలబడింది.

"చొక్కా విప్పు," అంది.

"ఏంటమ్మా?"

"విప్పరా."

గట్టిగా అనలేదు. చిన్నప్పుడు వాడు వానలో తడిసొస్తే ఎలా అనేదో అలా అంది. వాడు పసిదాన్ని షెయ్నాకి ఇచ్చి గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకు విప్పుతున్నాడో వాడికే తెలియదని నాకనిపించింది. చొక్కా కింద వాడికి బనియను లేదు. ఆ పొట్ట, ఆ రొమ్ములు, ఆ నడుము మడతలు, మా అక్కవే అన్నీ, అందరి ముందూ దీపాల కింద బయటపడ్డాయి.

అక్క చొక్కా తీసుకుని నల్ల మూమూ మీదే తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది. భుజం కుట్టు భుజం మీదికి వచ్చింది. ఒక్క ఆకు సాగలేదు.

"వదినగారూ, ఇదేంటండీ, అందరూ చూస్తున్నారు," అంది డార్లీన్.

"చూడనివ్వండి," అంది అక్క. కోడలి చేతుల్లోంచి మనవరాలిని తీసుకుని కొడుకు నిలబడ్డ చోట నిలబడింది. ఫొటోగ్రాఫర్‌తో అంది: "ఇప్పుడు తియ్యి బాబూ."

"మరి నేను?" అన్నాడు కముయేలా, చేతులు ఛాతీ మీద అడ్డం పెట్టుకుని.

"నువ్వు పక్కకి జరుగు నాన్నా. ఫ్రేములోకి వస్తున్నావు."

వాడు జరిగాడు. ఫొటో తీశారు.

కిందికి దిగాక అక్కే వాడికి చొక్కా తిరిగి తొడిగింది, పళ్ళెంలో మాంసం పెట్టింది, తినరా అని వీపు నిమిరింది. తల్లి కదా, ఆ పూటే క్షమించేసింది. నేను మాత్రం క్షమించలేదు. మొన్న క్రిస్మస్‌కి వాడు ఫోను చేసి, పిన్నీ ఎలా ఉన్నావు అంటే, నలుపులో ఉన్నాను అని చెప్పి పెట్టేశాను.