అడగకుండా మార్చిన తీగలు

పెట్టె మూత తీయగానే సుకుమారికి ఒళ్లు మండిపోయింది.

గిటారు తనదే. దాని మీద మెరుస్తున్న తీగలు మాత్రం తనవి కావు. ఆమె వేసుకునేవి నైలాను తీగలు, వేలికి మెత్తగా ఉంటాయి. వాటిని పీకేసి ఎవరో స్టీలు తీగలు బిగించారు. ఆ లాగుడుకు, తీగలు కట్టే బ్రిడ్జి చెక్క వెనకవైపు పైకి లేచింది. సందులో గోరు పెడితే లోపలికి దూరింది. దాని వెనక గిటారు పైపలక పొక్కినట్టు ఉబ్బి ఉంది.

"అన్నా, ఇదేంది?"

డేవిడ్‌రాజు వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఉదయగిరి చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. ఉపవాస ప్రార్థన కూటాలకు రెండో గిటారు కావాలని చెల్లెలి దగ్గర తెచ్చుకున్నాడు. కూటాలు అయిపోయాయి కాబట్టి తీసుకుపోదామని, శనివారం బడి వదలగానే ఆత్మకూరులో బస్సెక్కి వచ్చింది సుకుమారి. అక్కడి హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు.

"తీగలు మార్చినాను. నీ ప్లాస్టిక్ తీగల సౌండు వెనక బెంచీలదాకా పోతే గదా! నెల్లూరు నుంచి మంచివి తెప్పించి ఏసినాను."

"ఎవుర్ని అడిగి ఏసినావు?"

"అడిగేదేందమ్మే? తీగలు తీగలే గదా. అసలు నీకు గిటారు నేర్పిందెవురు?"

అది కాదనలేని మాట. తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆమె వేళ్లు పట్టుకుని ఒక్కొక్క కార్డూ నొక్కించింది ఆయనే. వేళ్లు బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాసింది కూడా ఆయనే. కానీ ఆ తరువాత ఇరవై ఏళ్లు గడిచాయి. ఈ ఇరవై ఏళ్లలో ఆమె నైలాను గిటారు వాయించడం సొంతంగా నేర్చుకుంది. ఏ కంపెనీ ఏ చెక్క వాడుతుందో, ఎవరి గిటారుకు మెడ ఎంత వెడల్పో, ఎవరు పలక ఎంత పల్చగా చెక్కుతారో చదివి, విని, చివరికి మద్రాసులో చేత్తో గిటార్లు చేసే ఒకాయన దగ్గర ఇది చేయించుకుంది. పెద్ద కంపెనీల వాటికి వార్నీషు మందంగా పూస్తారనీ, పలక మూగబోతుందనీ ఆమెకు అనిపించింది. ఇందులో ఒక్క సంగతీ అన్నకు తెలియదు. ఆయన ఎప్పుడూ అడగలేదు.

"పెట్టెలో స్పేరు సెట్టు పెట్టినాను. నైలానువే. అదేడుండాది?"

డేవిడ్‌రాజు టీ గ్లాసులోకి చూశాడు. లోపల్నుంచి వదిన ఎస్తేరమ్మ వచ్చి నెమ్మదిగా చెప్పింది. "స్టేజీ మీద బ్యానరు కట్టేదానికి దారం చాలలేదంట సుకుమారీ. గట్టిగా ఉండాయని వాటితో కట్టినారు."

సుకుమారికి నవ్వు రాలేదు. ఇక ఎప్పుడు తలుచుకున్నా నవ్వు రాదని ఆ క్షణానే తెలిసింది.

"నువ్వు రా ఇట్టా," అంది అన్నతో.

"యాడికి?"

"రమ్మన్నానా!"

గోడకు తగిలించి ఉన్న ఆయన గిటారు దించింది. పెద్ద పొట్ట, సన్నని మెడ, స్టీలు తీగలకని చేసిన గిటారు. రెండింటినీ మంచం మీద పక్కపక్కన పెట్టి, రెండింటి తీగలూ వదులు చేసింది. ముందు ఆయన గిటారు మధ్య రంధ్రంలో ఆయన చెయ్యే పెట్టించింది.

"పలక కింద తడుము. ఏం తగలతా ఉండాది?"

"బద్దలు."

"ఎట్టుండాయి?"

"లావుగా... ఒకదాని మీద ఒకటి అడ్డంగా, కత్తెర మాదిరిగా."

"ఇప్పుడు నాదాంట్లో పెట్టు."

చాలాసేపు తడిమాడు. "పుల్లల్లాగా ఉండాయి. విసనకర్ర మాదిరిగా పరుచుకోని." ఇంకాస్త లోపలికి వెళ్లి ఆయన వేళ్లు ఆగిపోయాయి. "ఒకటి... ఊడి ఊగతా ఉండాది."

"అదీ నువ్వు చేసింది. నైలానుకంటే స్టీలు లాగుడు రెట్టింపు దాకా ఉంటది. నీదాన్ని దానికి తట్టుకునేటట్టు చేసినారు. నాదాన్ని మెత్తని తీగలకు పలికేటట్టు చేసినారు."

డేవిడ్‌రాజు చెయ్యి బయటికి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "ఇంత నాజూకుదని ముందే చెప్పుండాల్సింది నువ్వు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెలో మిగిలిన ఓర్పు కాస్తా పోయింది. తప్పైపోయిందని అంటాడేమోనని ఇంతసేపూ ఎదురు చూసింది. తన గిటారును పెట్టెలో పెట్టింది. ఆయన గిటారును దాని సంచిలో దూర్చి భుజానికేసుకుంది.

"అదెందుకు నీకు?"

"నాది బాగయ్యేదాకా ఇది నా దగ్గరుంటది."

"రేపు ఆదివారమమ్మే! ఆరాధనలో ఏం వాయించను?"

"చప్పట్లు కొట్టుకో."

ఎస్తేరమ్మ అన్నం తిని పొమ్మని గేటు దాకా వెంటపడినా ఆగలేదు. బస్సులో రెండు గిటార్లకూ సీటు చాలక, ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు దాకా పళ్లు బిగబట్టుకునే కూర్చుంది.

మరుసటి వారం తన గిటారును మద్రాసుకు పంపింది. బాగవుతుందనీ, బద్ద కొత్తది వేయాలనీ, పలక ఉబ్బు మాత్రం పూర్తిగా పోదనీ చేసినాయన ఫోనులో చెప్పాడు. ఆ సాయంత్రం చేతులు ఊరుకోక అన్న గిటారు తీసింది. తీగలు తుప్పెక్కి నల్లగా ఉన్నాయి. పైగా లావు రకం, నొక్కితే వేళ్లు కోసుకుపోయేట్టున్నాయి. దానిది పెద్ద పొట్ట కావడంతో మంద్రం ఉరుముతోంది, పై తీగల గొంతు అందులో మునిగిపోతోంది. ఒక రకం సన్నవి, కంచు తొడుగువి వేస్తే పైగొంతు తేటగా లేస్తుంది. ఇంకో రకం ఉంది, మెత్తని వెచ్చని నాదం. ఈ గిటారుకు అది పనికిరాదు, ఉన్న ఉరుముకు ఇంకా తోడవుతుంది. కంచువే ఫోనులో ఆర్డరు పెట్టింది. కొరియరు వచ్చాక పాత తీగ విప్పబోయి ఆగింది.

ఫోను తీసి అన్నకు చేసింది. రెండు వారాలుగా మాటల్లేవు.

"నీ గిటారుకు తీగలు మారుస్తా ఉండాను. పన్నెండు నంబరు లావువి తీసేసి పదకొండు నంబరు సన్నవి ఏస్తాను. కంచువి. ఏసేదా?"

"ఏసుకో. దానికి నన్నడిగేదేంది?"

"నీ గిటారు గాబట్టి అడగతా ఉండాను."

అవతల ఎస్తేరమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నది వినబడుతోంది.

"పదకొండైతే నాకు మరీ వదులుగా ఉంటాయేమో," అన్నాడు డేవిడ్‌రాజు, గొంతు తగ్గించి.

"అట్టయితే చెప్పు. ఏయను."

"ఏసి చూడు. బాగలేకపోతే చెప్తాలే." ఫోను పెట్టేయబోయి, "సుకుమారీ... నేను అడగాల్సింది," అన్నాడు.

"అడగాల్సింది," అందామె. అంతకంటే మెత్తగా అనడానికి నోరు రాలేదు. కోపం తగ్గలేదు. పలక మీది ఉబ్బు చూసినప్పుడల్లా మళ్లీ లేస్తుందనీ తెలుసు.

నెల తిరిగాక మద్రాసు నుంచి గిటారు వచ్చింది. ఒక శనివారం అన్న గిటారును ఉదయగిరికి తీసుకుపోయి ఇచ్చింది. ఆయన నిలబడే రెండు పాటలు వాయించాడు. పై తీగల మీద వేళ్లు ఆగి ఆగి పోయాయి.

"తేటగా ఉండాదే," అన్నాడు. తరువాత పక్కకు చూస్తూ, "ఈస్టరుకు మళ్లీ రెండో గిటారు కావాల. నీది..."

"ఇయ్యనన్నా."

"ఇయ్యవా?"

"నేనొచ్చి వాయిస్తాను. గిటారు మాత్రం నా చేతి నుంచి పోదు."

డేవిడ్‌రాజు తల ఊపాడు. "శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసు. ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.