చెవి మిషను పెట్టుకోని వీరుడు

నా చెవుల సంగతి మీకు తెలియదు. మూడు వీధుల అవతల చీమ తుమ్మితే, ఆ తుమ్ము మగ చీమదో ఆడ చీమదో చెప్పగలను. ఒకసారి పక్కింటి పిల్లి కలలో ఎలుకను తరుముతుంటే, ఆ ఎలుక కాళ్ళ చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. ఇలాంటి చెవులున్న మనిషికి చెవి మిషను తెచ్చిపెట్టింది మా కోడలు.

కోడలు చెవి మిషన్లు చేసే కంపెనీలో మార్కెటింగ్ చూస్తుంది. కొనేవాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టి, దానికి తగ్గట్టు ప్రకటనలు తయారు చేయించడం ఆమె పని. ఆమె తెచ్చిన మిషను ఏడాదిగా నా బల్ల సొరుగులో, పాత కళ్ళజోడు పక్కన, డబ్బా మూత కూడా తీయకుండా పడుంది.

ఒక సెలవురోజు పొద్దున్న ఆమె భోజనాల బల్ల మీద ఏడు అట్టముక్కలు గుండ్రంగా పరిచింది.

"పొద్దున్నే పేకాటేంటమ్మాయ్?" అన్నాను.

"పేకాట కాదు మావయ్యా, వీరుడి ప్రయాణం!" అని అరిచింది. మా ఇంట్లో అందరూ నాతో అరిచే మాట్లాడతారు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఏ కథలోనైనా వీరుడికి ముందు పిలుపు వస్తుందట. వాడు రానంటాడు. ఎవరో పెద్దమనిషి ధైర్యం చెప్పి చేతికో వస్తువిస్తాడు. అప్పుడు గడప దాటతాడు, కష్టాలు పడతాడు, కావలసింది దక్కించుకుని ఇంటికొస్తాడు. కొనేవాళ్ళు ఈ దారిలో ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే, వాళ్ళతో ఏం మాట్లాడాలో తెలుస్తుందట. ఇన్నేళ్ళుగా నేను ఊరికే చెబుతున్న కథలకు ఆఫీసులో జీతాలిస్తారని ఆరోజే తెలిసింది.

మిషను తీసుకుని కూడా పెట్టుకోని నలభైమంది పేర్లు ఆమె దగ్గరున్నాయి. మనిషికొకటి చొప్పున మా ఆవిడ కుట్టుపని రేకు డబ్బాలోంచి నలభై గుండీలు తెచ్చింది. నలభయ్యీ రెండో అట్టముక్క మీదే పోసింది. 'రానన్నాడు' అని రాసి ఉంది దాని మీద. కింద చిన్న అక్షరాలతో 'సిగ్గు' అని.

"అందరూ ఇక్కడే చతికిలబడ్డారు మావయ్యా. సిగ్గుపడుతున్నారని మిషన్ని ఇంకా చిన్నది చేశాం. బియ్యపు గింజంత చేశాం. అయినా ఒక్కరూ కదల్లేదు."

కొత్త ప్రకటన బొమ్మ కూడా చూపించింది. ఎత్తయిన కొండ, కొండ కొమ్మున ధగధగా మెరుస్తూ మిషను.

"వీరుడేడీ?"

"ఇదేగా!"

"ఇది కత్తమ్మా. కత్తిని కొండెక్కించి వీరుణ్ణి ఇంట్లో పడేశారు. వాడు అన్ని సముద్రాలు దేనికోసం దాటాడో చెప్పకపోతే అది కథ కాదు, ఈత."

కోడలు నవ్వలేదు. గుండీల్లోంచి పెద్ద గోధుమరంగుది ఏరి నా ముందు పెట్టింది. "ఇది మీరు. చెప్పండి, మీకేం కావాలి?"

ఇక్కడ చిన్న సవరణ. చీమను, పిల్లిని వదిలేయండి. మా గుమ్మంలో బెల్లు మోగి ఎవరో వచ్చారని నాకు తెలిసేది, మా ఆవిడ లేచి వెళ్ళడం చూసి. ఆరేళ్ళుగా ఇదే వరస.

మా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో నా చొక్కా ఏదో కుడుతోంది. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడకి నా వెనక గొణిగే అలవాటు. "చొక్కా ఎక్కడ విప్పితే అక్కడే దాని సంసారం." "కోతలకి కూలి ఇస్తే ఈయనకి మేడలుండేవి." నేను పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాపుకునేవాణ్ణి. నేను వింటున్నానని ఆవిడకి తెలుసు. తెలిసే, మధ్యలో ఎప్పుడో ఒక మెత్తని మాట జారవిడిచేది. ఎదురుగా నిలబడి ఆ మాట ఎన్నడూ అనలేదు. నా చెవులు మూసుకుపోయాక, వినపడని మనిషి వెనక గొణిగి ఏం లాభమనుకుందో ఏమో, మెల్లగా మానేసింది. ఇప్పుడు నాతో అరుస్తుంది. మందులు, భోజనం, తలుపు గడియ. అరుపులో పట్టేవి అవే. మెత్తని మాట అరిస్తే ఇంకేం మిగులుతుంది?

కోడలి వైపు వంగి గుసగుసగా అన్నాను: "మీ అత్తయ్య గొణుగుడు కావాలి."

"మరి మిషను పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకున్నాక కూడా ఆవిడ గొణక్కపోతే? ఇప్పుడైతే నా చెవుల మీదకి నెట్టేస్తున్నాను. అప్పుడు దేని మీదకి నెట్టను?"

కోడలు గబుక్కున పెదవి మీద వేలు పెట్టి కిటికీ వైపు చూసింది. నేనూ చూశాను. మా ఆవిడ సూది బట్టలో సగం దిగి ఆగిపోయింది. నా గుసగుస ఈ ఆరేళ్ళలో ఎంత పెద్దదయిందో నాకెవరూ చెప్పలేదు.

కోడలు 'సిగ్గు' కొట్టేసి 'అవతల ఇంకా ఎవరైనా మాట్లాడుతున్నారా?' అని రాసింది. ఆ వారం నలభైమందికీ ఫోన్ చేసి, ఎందుకు పెట్టుకోలేదని కాకుండా, ఎవరి మాట వినాలని ఉందని అరిచి అడిగింది. ఒకాయన ఫోన్లోనే చాలాసేపు ఏడ్చాడట. కొత్త బొమ్మలో కొండ లేదు. కిటికీ, కుర్చీ, సగం కుట్టిన చొక్కా. "మిషను ఎక్కడ?" అన్నాడట మేనేజరు. "సొరుగులో ఉంది సార్, ఆయన ఇంకా తీయలేదు" అందట మా కోడలు. ఒప్పుకున్నాడు.

కోడలు ఈ సంగతి చెప్పిన సాయంత్రమే నేను డబ్బా మూత తీశాను. మిషను చెవిలో పెట్టుకుని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను కిరకిర, పంపు చుక్క, నా చొక్కా రాపిడి, అన్నీ ఒక్కసారి ఇంట్లోకి దూసుకొచ్చాయి. కిటికీ దగ్గర మా ఆవిడ ఆ గోధుమరంగు గుండీని నా చొక్కాకి కుట్టి, దారం పంటితో తెంపి, మెల్లగా అంది: "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళాడో ఈ మనిషి."

ఆ చివరి మాట మాత్రం నేను కల్పించాను. ఆవిడ ఏమీ అనలేదు. దారం తెగిన చప్పుడు నిజం. రోజూ సాయంత్రం పేపరు తీసుకుని అక్కడే కూర్చుంటున్నాను. నిన్న, మాట మొదలుపెట్టే ముందు తీసుకుంటామే, అలాంటి ఊపిరి ఒకటి తీసుకుంది. అది కల్పన కాదు.