చూస్తుండమ్మా

పొద్దున్నే కూతురు పనికి వేసుకెళ్ళే నీలం కోటుకి ఇస్త్రీ చేస్తూ ఒక తల్లి పక్కింటావిడతో ఆ పిల్ల ఉద్యోగం గురించి చెబుతోంది. అది ఉద్యోగం కాదు, ఇంటర్న్‌షిప్ అని కూతురు చాలాసార్లు చెప్పింది. తల్లి మాత్రం ఉద్యోగమనే అంటుంది. పాల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర వేశారట. బాయిలర్ అంటే ఏమిటని పక్కింటావిడ అడిగితే, మన కుక్కరు లాంటిదే, కాకపోతే గదంత ఉంటుందని చెప్పింది. కూతురు టీ తాగుతూ నవ్వింది. ఫ్యాక్టరీకి వెళ్ళాలంటే ఆ పిల్లకి రోజూ భయమేనన్న సంగతి తల్లికి తెలియదు.

పాఠకులారా, ఇలాంటి పిల్ల మీ ఇంట్లోనూ ఉండవచ్చు. కాబట్టి కాస్త ఓపికగా వినండి.

ఆ అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. సగం ఏడాది తరగతి గది వదిలి పనిచోట నేర్చుకోవాలని వాళ్ళ విశ్వవిద్యాలయం నియమం పెట్టింది. ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. పుస్తకం చదివి ఈత నేర్చినవాళ్ళు ఎవరూ లేరు. అయితే పిల్లల్ని నీళ్ళలోకి తోసి, ఈత నేర్పేవాడు ఒడ్డున ఉన్నాడో లేడో చూడకుండా ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

పంపించే ముందు కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు విద్యార్థులందరినీ కూర్చోబెట్టి హితబోధ చేశాడు. అక్కడ ఎవరేం చెప్పినా సరే సార్ అనాలి. తెలియదు అన్న మాట నోట రాకూడదు. వస్తే కాలేజీ పరువు పోతుంది, మీ వెనక వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ సీట్లు దొరకవు. అసలే నోట్లో నాలుక లేని పిల్ల. ఆ బోధతో ఉన్న కాస్త గొంతూ పూడుకుపోయింది.

ఫ్యాక్టరీలో ఆమె పేరు ఎవరూ అడగలేదు. అందరూ ‘కాలేజీ’ అని పిలిచేవారు. బాయిలర్ నడిపే ఆపరేటర్ని ఆమె బాబాయ్ అని పిలిచేది. ఆయన మంచివాడే, కానీ ఇద్దరి పని ఒక్కడే లాగుతున్నాడు. సహాయకుడు మానేశాడు. కాలేజీ వచ్చింది కదా అని యాజమాన్యం ఇంకొకరిని పెట్టలేదు. శిక్షణకు వచ్చినవారు దేన్నీ తాకరాదని గోడ మీద బోర్డు ఉంది. సరిగ్గా ఆ బోర్డు కిందే, మానేసినవాడి కుర్చీలో ఆమెని కూర్చోబెట్టారు.

బాయిలర్ లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో ముందున్న గాజు గొట్టంలో కనిపిస్తుంది. తగ్గగానే పంపు తనంతట తానే తిరగాలి. ఆ ఏర్పాటు పాడై చాలాకాలమైంది. బాబాయే ఎప్పటికప్పుడు స్విచ్ వేస్తున్నాడు. నీళ్ళు మరీ తగ్గితే మంట ఆపేసే ఏర్పాటు కూడా ఒకటి ఉండేది. అది మాటిమాటికీ పని ఆపుతోందని విసుగెత్తి ఎవరో దాన్నీ కట్టేశారు. ఇవన్నీ సూపర్‌వైజర్ చెప్పి ఉంటాడని బాబాయ్ అనుకున్నాడు. బాబాయ్ చెప్పి ఉంటాడని సూపర్‌వైజర్ అనుకున్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టే కదా అని ఆ పిల్ల అడగలేదు.

ఆ రోజు ప్యాకింగ్ హాల్లో ఏదో యంత్రం మొరాయిస్తే బాబాయ్‌ని రమ్మన్నారు. ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడే వస్తా, కాస్త చూస్తుండమ్మా" అని వెళ్ళాడు.

మన భాషలో ఈ మాటకి రెండు అర్థాలున్నాయి. పొయ్యి మీద పాలు చూస్తుండమంటే పొంగితే దించమని. కిటికీలోంచి వాన చూస్తుండమంటే ఊరికే చూడమని. బాబాయ్ పాల సంగతిగా అన్నాడు. బోర్డు కింద కూర్చున్న పిల్ల వాన సంగతిగా విన్నది. సరే బాబాయ్ అని, చూస్తూ కూర్చుంది.

గాజు గొట్టంలో నీళ్ళు దిగడం మొదలైంది. దిగడం మామూలే అనుకుంది, ఇంతకుముందూ దిగి మళ్ళీ ఎక్కాయి కదా. ఈసారి ఎక్కలేదు. అడుగున సన్నని గీతలా మిగిలి, ఆ గీతా పోయింది. మంట మాత్రం హోరుమంటూనే ఉంది. ఆమె కుర్చీలోంచి లేచింది. గోడకి అవతల ప్యాకింగ్ హాల్లో ఆడవాళ్ళు ఏదో జోకుకి నవ్వుకుంటున్నారు.

అప్పుడే గోడ మీది ఫోను మోగింది. సూపర్‌వైజర్. ఆవిరి తగ్గుతోంది, ఆపరేటర్ ఎక్కడున్నాడని అడిగాడు. ఆయన లేడనీ, గొట్టంలో నీళ్ళు కనబడడం లేదనీ ఆమె చెప్పింది.

"కనబడకపోతే పంపు వెయ్యి. అదేమన్నా బ్రహ్మవిద్యా? నీ రిపోర్టు రాయాల్సింది నేనే, గుర్తుపెట్టుకో."

ఆమె వేలు పంపు స్విచ్ మీదకి వెళ్ళింది. నీళ్ళు లేక ఎర్రగా కాలిన బాయిలర్‌లోకి చన్నీళ్ళు పోస్తే అది పేలిపోతుందని తరగతిలో చెప్పారు. పరీక్షలో రాసింది కూడా. కానీ అది నిజమో కాదో, పాఠం ఈ బాయిలర్‌కి వర్తిస్తుందో లేదో ఆ క్షణాన ఏదీ తోచలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరే సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వేలు ఒక్క గింజంత కిందికి నొక్కి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు నోరాడేది కాదు.

గోడ అవతల మళ్ళీ నవ్వు వినిపించింది.

"నాకు తెలీదు సార్. నేను వెయ్యను. నాకు భయమేస్తోంది" అంది. ఫోను వదిలేసి, తాకకూడదన్న బోర్డుని మరిచి, మంట ఆపే ఎర్ర బటన్ నొక్కి, ప్యాకింగ్ హాల్లోకి పరిగెత్తింది.

బాబాయ్ వచ్చి గొట్టం వంక చూసి నిలువునా నీరైపోయాడు. "నీళ్ళు పెట్టావా తల్లీ?" అని అడిగాడు. లేదని తల ఊపింది. ఆయన ఆమె రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, హాల్లోవాళ్ళందరినీ గేటు దాకా తరిమాడు. బాయిలర్ చల్లారేదాకా అందరూ ఆ గది వైపే చూస్తూ నిలబడ్డారు. ఏమీ పేలలేదు. ఆవిరి అందక పాలు మాత్రం విరిగిపోయాయి.

ప్రాణాలు దక్కాయని సంతోషించారని మీరనుకుంటారు. పాలు విరిగాయని సూపర్‌వైజర్ రిపోర్టు రాశాడు. చెప్పిన పని చెయ్యలేదనీ, క్రమశిక్షణ లేదనీ, ఇక ఈ కాలేజీ పిల్లలు వద్దనీ. ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఆ పిల్లనీ తల్లినీ వెంటబెట్టుకుని, తరగతిలో బాయిలర్ పాఠం చెప్పిన డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ ముందు నిలబెట్టాడు. బాబాయ్ కూడా పిలవకుండానే వచ్చాడు. చూస్తుండమని తనే చెప్పాననీ, తప్పు తనదేననీ అన్నాడు. "చూస్తూనే ఉన్నాను మేడమ్" అంది పిల్ల. ఎవరికీ నవ్వు రాలేదు.

వచ్చే ఏడాది సీట్లు పోయినట్టేనని ఆఫీసరు గొణిగాడు.

"పోనీండి" అన్నారు మేడమ్. "తెలీదు అనకూడదని వీళ్ళకి చెప్పిందెవరు?" ఆఫీసరు చేతిలోని రిపోర్టు మడుచుకున్నాడు. "ఈమె ఆ మాట అనబట్టి ఇంతమంది బతికారు. ఖాళీ కుర్చీలు నింపడానికి కాదు మనం పిల్లల్ని పంపేది. నేనూ ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. పక్కన నిలబడి నేర్పే మనిషి ఉన్నాడని నేను కళ్ళారా చూడనిదే ఇకమీదట ఎవర్నీ ఎక్కడికీ పంపను."

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల మాత్రం ఇంజనీరు కావడానికి తను పనికిరానేమోననీ, మళ్ళీ ఏ బాయిలర్ దగ్గరికీ వెళ్ళలేననీ, తనకి భయం పోవడం లేదనీ చెప్పి ఏడ్చింది.

మేడమ్ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "భయపడమ్మా, ఫర్వాలేదు. నిప్పు ముందు భయపడడం తప్పు కాదు. భయపడ్డ పిల్ల పక్కన ఒక్క పెద్దవాడైనా లేకపోవడమే తప్పు. అది మా తప్పు."