తాయారు సొంత జుట్టు

నేను ఒక నాటకాల విగ్గును. మా రోజుల్లో టోపా అనేవారు. ఆడవేషానికి కట్టిన టోపాను. జాలిపడదామని కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళవచ్చు. నేను చెప్పబోయేది అసూయ సంగతి.

ఎవరెవరో ఆడవాళ్ళు దేవుడికిచ్చిన తలనీలాలను వేలం వేస్తే, తెనాలిలో మస్తాను సాయిబు ఒక గంపెడు కొన్నాడు. జ్వరం తగ్గిందని ఇచ్చినవి, కొడుకు పుట్టాడని ఇచ్చినవి, మొగుడు తాగుడు మానాలని ఇచ్చినవి, అన్నీ కుంకుడు రసంలో కలిసి ఒకటయ్యాయి. సాయిబు వాటిని వలగుడ్డ మీద పోగు పోగుగా ముడివేశాడు. అలా పుట్టాను. దేవుడికిచ్చినదాన్ని మళ్ళీ మనుషులే కొనుక్కుంటారు. ఆయన దగ్గర ఏదీ నిలవదు.

నన్ను కొన్నవాడు నాటకాల కాంట్రాక్టరు గంగాధరం. అవి యుద్ధం రోజులు. ఆయన కంపెనీలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. నాయిక వేషం రేపల్లె వైపు నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ మనిషిది. అందరూ శేషాచలం అని పిలిచేవారు. ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు తాయారు. అద్దం ముందు నన్ను సర్దుకుంటూ ఆ పేరు పెదాలతో అనుకునేది. అందుకే నేను మొదటి నుంచీ ఆమె అనే అంటాను. తరవాత ఎంత తిట్టుకున్నా ఆ మాట మార్చలేదు. నా పగ ఆమె జుట్టుతో. అబద్ధంతో నాకు పని లేదు.

గంగాధరం దగ్గర ఒక కిటుకు ఉండేది. "నాయిక ఆడదో మగవాడో మంగళం ముందు తేలును" అని కరపత్రాల్లో వేయించేవాడు. ముందు వరసల్లో పందేలు నడిచేవి.

"ఆడదేరా. ఆ నడక చూడు."

"నీ మొహం. మగాడు కాకపోతే నా మీసం తీయించుకుంటా."

తెల్లవారుతుండగా నాటకం ముగిసేది. గంగాధరం వేదిక మీదికి వచ్చి, పాపిట దగ్గర పట్టుకుని నన్ను పైకి లేపేవాడు. కింద కురచ జుట్టు తల. "చూశారా! మగాడే!" అనేవాడు. జనం ఈలలు వేసేవారు. పెద్దమనుషులు వెండి పతకాలు తెచ్చి ఆమె పమిటకు గుచ్చేవారు. అందరి కళ్ళూ నా మీదే. గాలిలో, గంగాధరం పిడికిట్లో, నేను రాణిలా ఊగేదాన్ని.

ఆ సమయంలో కింద ఆమె మెడ నరాలు తాళ్ళలా బిగుసుకునేవి. నాకు తెలుసు. తెలిసినా ఆ ఈలల కోసమే రాత్రంతా ఎదురుచూసేదాన్ని.

ఆమెకు కావలసింది ఒక్కటే. తెర పడ్డాక కూడా ఆడదానిగానే లోపలికి వెళ్ళిపోవాలి. ఒకసారి అడిగింది కూడా.

"మంగళం పాడేసి అట్నే లోపలికి పోతానండీ. తల మీద చెయ్యెయ్యబాకండి."

"పిచ్చోడా! జనం నీ పాటకొస్తున్నారనుకున్నావా? నీ క్రాపు చూడ్డానికొస్తున్నారు."

ఆమె మళ్ళీ అడగలేదు. మంగలి కోటయ్య వచ్చినప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"తిరపతి మొక్కుందండీ. తీరేదాకా కత్తెర తగలగూడదు."

"ఏం మొక్కురా?" అన్నాడు గంగాధరం.

"చెబితే ఫలించదండీ."

గంగాధరం అప్పులవాళ్ళకు భయపడడు, పోలీసులకు భయపడడు. వెంకన్నకు మాత్రం భయపడతాడు. "సరే, తీరంగానే తీయించెయ్" అని ఊరుకున్నాడు.

అప్పటినుంచి నాకు నరకం మొదలైంది. మొదట ఆ జుట్టు ముళ్ళలా గుచ్చింది. తరవాత మెత్తబడింది. అది ఇంకా చేటు. ఆముదం వాసన కింది నుంచి నాలోకి ఎక్కేది. పూర్వం సాయంత్రం కూర్చుని నన్నే దువ్వేది. ఇప్పుడు ముందు దాన్ని దువ్వుకునేది, మిగిలిన ఓపిక నాకు. దాన్ని నల్లగుడ్డతో బిగించి, పైన నన్ను పెట్టుకునేది. గంగాధరం నన్ను లేపినప్పుడు దూరం నుంచి జనానికి ఆ గుడ్డ నల్లటి క్రాపులాగే కనిపించేది. గుడ్డ కింద ఎంత పెరిగిందో నాకొక్కదానికే తెలుసు. బతికిన జుట్టు అది. పెరుగుతుంది. నేను పెరగను. ఒకసారి పద్యం మధ్యలో కావాలనే పక్కకు జారాను. ఆమె పమిట సర్దుకుంటున్నట్టే నన్నూ సర్దేసింది. "ఏం ఒయ్యారంరా!" అన్నారు జనం. నా ద్రోహానికి కూడా ఆమెకే పతకం వచ్చింది.

మూడో ఏడు బాపట్ల దగ్గర ఒక తిరునాళ్ళలో నాటకం. ఆ సాయంత్రం ఆమె నల్లగుడ్డ తీసుకోలేదు. జడ వేసుకుంది. జడలో కనకాంబరాలు పెట్టుకుంది. చుట్ట చుట్టి, పైన నన్ను బోర్లించింది. నేను నోరు లేనిదాన్ని. ఉంటే గంగాధరాన్ని పిలిచేదాన్ని.

తెల్లవారుతుండగా గంగాధరం వచ్చాడు. ఎప్పటిలాగే లేపాడు. జడ జారి వీపు మీద పడింది.

ఈలలు లేవు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ, "ఓసి నీ ఇల్లు బంగారంగాను! జడ నిజందేనే!" అంది.

గంగాధరం మొహం నల్లబడింది. "మొక్కన్నావు గదరా!"

"ఇదేనండీ మొక్కు. తీరింది."

"దిగు కిందకి. మళ్ళీ నా స్టేజీ ఎక్కావంటే కాళ్ళిరగ్గొడతా."

"దిగుతానండీ. మీ జుట్టు మీ చేతిలోనే ఉంది. నాది నేను తీసకపోతన్నా."

అప్పుడు ముందు వరసలో ఎవడో "వన్స్ మోర్!" అని అరిచాడు. వెక్కిరింతకే అరిచాడు. పదిమంది నవ్వారు. ఆమె దాన్ని వన్స్ మోర్‌గానే తీసుకుంది. ముందుకు వచ్చి, జడ భుజం మీదికి వేసుకుని, తన రాణి వేషపు పద్యం ఎత్తుకుంది. హార్మోనియం రాఘవులు ఒక్క క్షణం గంగాధరం వైపు చూసి, ఆమె శ్రుతి పట్టుకున్నాడు. ఆ పద్యం అంతకు ముందెప్పుడూ నా కింది నుంచే వచ్చేది. నేను లేకుండా, ఇంకా బాగా వచ్చింది. గంగాధరం పిడికిట్లో నలుగుతూ విన్నాను. రాగం ముగిసేసరికి నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఒక్కరూ పతకం ఇవ్వలేదు. ఆమె ఆగలేదు, మెట్లు దిగి జనం మధ్య నుంచే నడిచిపోయింది.

తరవాత సొంత కంపెనీ పెట్టింది. రాఘవులు కూడా ఆమెతోనే వెళ్ళిపోయాడు. "నాయిక: తాయారు" అని కరపత్రాలు. కింద పొడుపు కథ లేదు. కొన్ని ఊళ్ళు రాళ్ళు వేశాయి. కొన్ని మళ్ళీ పిలిచాయి. ఆ రోజుల్లో అలా నిలబడ్డ మనిషిని మా వైపు ఎవరూ ఎరగరు. నాకు ఈ కబుర్లన్నీ ఇతర తలల మీద కూర్చుని వినవలసి వచ్చింది. గంగాధరం నన్ను ఎవరెవరికో పెట్టాడు. ఒకడి తల చెమట, ఒకడి తల చుండ్రు. ఆ కిటుకు మాత్రం మళ్ళీ పండలేదు. ఆయన పోయాక నన్ను తెనాలిలో డ్రెస్సులు అద్దెకిచ్చే బాజీ కొన్నాడు.

చాలా ఏళ్ళకు ఆమె ఆ కొట్టుకు వచ్చింది. తన కంపెనీలో రుషులకు గడ్డాలు కావాలట. అరవై దాటిన మనిషి. జుట్టు నెరిసింది, సగం రాలింది. ముడి ఉసిరికాయంత. నా ఆనందం ఏమని చెప్పను! దానికీ చావు వచ్చింది.

"అమ్మగారూ, బాగా పల్చబడిందండీ. ఇది పెట్టుకోండి. ఎవురికీ తెలీదు" అని బాజీ నన్ను దులిపి ఇచ్చాడు.

ఆమె పెట్టుకుంది. ఆ తల ఎముకలు నాకు కంఠతా వచ్చు. చక్కగా కూర్చున్నాను. ఇన్నేళ్ళకు మా మధ్య అడ్డం లేదు. ఆమె అద్దంలో చూసుకుని, నవ్వి, తన చేత్తో తనే తీసింది.

"తెలీకుండా ఉండటం నాకెందుకు బాజీ? ఆడవేషం మీద మోజుపడి ఎవడన్నా పిల్లాడొస్తాడు, అప్పుడియ్యి. అద్దె అడగబాక, నేనిస్తా."

నన్ను గుర్తుపట్టిందో లేదో చెప్పలేదు. గడ్డాలు సంచిలో వేసుకుని ఎండలోకి దిగింది. బజారులో కూరగాయలమ్మే పిల్ల కేకేసింది: "తాయారత్తా! వంకాయలు లేతవి, రా!"

ఆమె అటు తిరిగింది.

నేను ఆ తల మీద ఉన్నన్నాళ్ళూ ఆమెను అలా ఒక్కరూ పిలవలేదు.