పడుగుకు అవతలి కొస

అన్నదమ్ములు విడిపోవాలంటే పంచుకోవడానికి ఆస్తన్నా ఉండాలి. కోయిలకుంట్ల సాలెవీధిలో ఓబన్నకూ, తమ్ముడు ఉరుకుందుకూ ఉన్నది చెరో మగ్గం. యాభై రెండు ఎన్నికల్లో అన్న కాంగ్రెసు జెండా పట్టాడు, తమ్ముడు కృషికార్ లోక్ పార్టీ జెండా పట్టాడు. వాళ్లకేం ఒరిగిందో గానీ ఇంటి నడుమ మట్టిగోడ లేచింది, మాటలు పోయాయి. గోడవతల తమ్ముడు దగ్గితే మాత్రం ఓబన్న మగ్గం ఆపి వినేవాడు.

అసలు తిప్పలు పడుగుతో వచ్చాయి. మగ్గమెక్కించే ముందు నిలువు దారాలను వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, ఆరేలోగా కుంచెతో దువ్వాలి. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, ఇద్దరి చేతులూ కుదరాలి. ఓబన్నకు కుదిరిన చెయ్యి తమ్ముడిదొక్కటే. మూడేళ్లు కూలి మనుషులను పెట్టుకుని, తెగిన పోగులు ముడేసుకుంటూ గడిపాడు.

యాభై అయిదులో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులు గెలుస్తారేమోనన్న భయంతో, మొన్నటిదాకా దుమ్మెత్తిపోసుకున్న ఈ పార్టీలే ఐక్య సంఘటన పేరుతో కూటమి కట్టాయి. ఊరి పెద్దలు అన్నదమ్ములిద్దరినీ ప్రచారానికి ఒకే జట్కా ఎక్కించారు. రెండు రోజులు చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు. మూడోనాడు ఉరుకుందు, "అన్నా, బీడీ ఉండాదా?" అన్నాడు. ఓబన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టంతా ఇచ్చేశాడు.

ఇక రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి పడుగు దువ్వి, ఎండెక్కాక ఓట్లడగను పోయేవాళ్లు. ఒక్క పోగు తెగితే ఒట్టు. ఓబన్న సంతోషం పట్టలేక గునపం తీసుకుని గోడ పడగొట్టేశాడు.

"ఓట్లయ్యేదాంక ఆగరాదా?" అంది భార్య నాగక్క.

"నీకేం తెల్సు? మేం కల్సిపోయినాం."

ఓట్లలో ఐక్య సంఘటనే గెలిచింది. పక్షం తిరక్కుండానే నేతగాళ్ల సంఘం అధ్యక్ష పదవి దగ్గర ఊరి పెద్దలు మళ్లీ రెండుగా చీలారు. పదవితో మాకేం పని అనుకున్నాడు ఓబన్న, పిచ్చివాడు. మర్నాడు పొద్దున్నే పడుగు చాపి, గంజి పట్టించి కేకేశాడు.

"ఉరుకుందూ, రారా! ఎండ వస్తాండాది!"

తమ్ముడు వచ్చాడు. చేతిలో కుంచె లేదు, తట్టనిండా తడిమట్టి ఉంది.

"మీతో కలిస్తే పార్టీలో ఉండొద్దంటాండారు మావోళ్లు" అని తల దించుకుని, పడిపోయిన గోడ దగ్గరికి పోయి మట్టి వేయసాగాడు.

నాగక్క పరుగున వచ్చి అవతలి కొస పట్టుకుంది. ఆమెకు అలవాటు లేని పని. గంజి ఆరిపోయి దారాలు అట్టకట్టాయి, దువ్వినచోటల్లా తెగాయి. ఓబన్న కుంచె కిందపెట్టి తమ్ముడి దగ్గరికి వెళ్లాడు.

"ముందున్నంతే లేపురా" అన్నాడు. "ఇంగా పైకి లేపితే నీ దగ్గు గూడా ఇనపడదు నాకు."