చందా కట్టిన క్యాసెట్

నెల మొదట్లో మొగిలి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడంటే చాలు, పెళ్లాం ఓదెమ్మ ఒంటికాలి మీద లేచేది. ఆ చెయ్యి ఉప్పుకో పప్పుకో పోదని ఆమెకు తెలుసు. పోయేది జనగామ స్టేషన్ రోడ్డులో ఉన్న వెంకట్రాం వీడియో లైబ్రరీకే.

మొగిలి దుబాయిలో ఎండకు మాడి మాడి, తిరిగొస్తూ ఒక టీవీ, ఒక వీసీఆర్ మోసుకొచ్చాడు. ఇప్పుడు లారీల షెడ్డులో మెకానిక్కు. పెట్టె సొంతమే గానీ అందులో పెట్టే క్యాసెట్లు సొంతం కావు. వాటి కోసం వెంకట్రాం దగ్గర సభ్యుడిగా చేరాలి, నెలనెలా చందా కట్టాలి. సినిమా చూసినా కట్టాల్సిందే, చూడకపోయినా కట్టాల్సిందే. కట్టనివాడింట్లో వీసీఆర్ ఉన్నా ఒకటే, చెక్క పీట ఉన్నా ఒకటే.

“కొన్నప్పుడే అయిపోలేదా? మళ్ల నెలనెలా గీ చందా ఏంది?” అనేది ఓదెమ్మ. “బర్రెను కొన్నంక గడ్డికి పైసలంటే అర్థమున్నది. గీ పెట్టె పాలిస్తదా, పెండ పెడ్తదా?”

“సినిమాలు చూపిస్తది గదనే.”

“ఏం సినిమాలయ్యా. మన తీరు మాట్లాడెటోడు ఒక్కడన్న మంచోడు ఉంటడా అండ్ల? అయితె దొంగ, లేకుంటె పనిమనిషి. ఆళ్లు మనల్ని జూసి నవ్వుతాంటె, దాన్ని మనమే చందా గట్టి జూసుడు.”

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఆ సినిమాలు తెచ్చి అద్దెకిచ్చే వెంకట్రాం సంగతి ఇంకా ఘోరం. అరవై తొమ్మిదిలో ఇదే స్టేషన్ రోడ్డు మీద తెలంగాణ కావాలని గొంతు చించుకున్నవాడే అతను. పెద్దవంగరలో వాళ్ల నాయిన పెద్ద భూస్వామి. ఊళ్లో పొలాలు, టౌనులో లైబ్రరీ. ఎక్కడున్నా పక్కవాడి జేబు తన సొంతమన్నట్టే ఉంటుంది ఆ ఇంటివాళ్ల నడక.

అట్లాంటి ఓదెమ్మ నోరు ఒక్క సాయంత్రంతో మూతపడింది. ఆమె తల్లి భద్రమ్మ పెద్దవంగరలో నాట్లేసే కూలీ. మళ్లలో పాట ఎత్తుకున్నదంటే ఆమే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు వెనక అందుకోవాలి. యాసంగి పంట నాట్లప్పుడు టీవీ వాళ్లు రైతుల కార్యక్రమం కోసం వచ్చి ఆమె పాటలు తీసుకుపోయారు. అది టీవీలో వచ్చే రోజు తెలియగానే మొగిలి లైబ్రరీకి పరుగెత్తాడు. దాన్ని ఎక్కించుకోవడానికి కొత్త క్యాసెట్ కొనే తాహతు అతనికి లేదు.

వెంకట్రాం ఆ రోజు దయగానే ఉన్నాడు. “ఒక పాత సినిమా క్యాసెట్ తీస్కపో. సినిమా చిన్నది, అయిపోయినంక శానా జాగ ఉంటది. అండ్ల ఎక్కించుకో. చందా కడ్తున్నవ్ గదా, నీకాడనే పెట్టుకో,” అన్నాడు.

ఆ సాయంత్రం తెర మీద భద్రమ్మ మోకాలి లోతు బురదలో నిలబడి పాడింది. పక్కింటివాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఓదెమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ఈ పెట్టె కూడా ఒక పనికొచ్చింది కదా అనుకుంది. చందా మాటెత్తితే ఇక గమ్మున ఉండేది.

క్యాసెట్ వెనక అంచుకు చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరగ్గొడితే ఆ క్యాసెట్ మీద ఇంకేదీ ఎక్కదు. మొగిలి స్క్రూడ్రైవర్ తెచ్చి దాన్ని విరగ్గొట్టబోతే ఓదెమ్మే చెయ్యి పట్టుకుంది.

“మంది సొమ్ము. ఇరగ్గొట్టి పెట్టుకుంటె ఏం మర్యాద?”

మొగిలి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

ఆ ఎండాకాలమే భద్రమ్మ వడదెబ్బకు పోయింది. దవాఖానకు తీసుకుపోయేంత వ్యవధి కూడా దొరకలేదు. బతికినన్నాళ్లూ ఆమెకు ఫోటో దిగే పని పడలేదు. చిన్న కూతురు సారక్క భూపాలపల్లిలో పురిటి మంచం మీద ఉండి ఆఖరి చూపుకు కూడా రాలేకపోయింది. “నువ్వు పరేషాన్ గాకు, అవ్వ నాకాడ క్యాసెట్ల ఉన్నది. పెత్రమాసకు అవ్వకు పెడ్తం గదా, అప్పుడు రా, సూపిస్త,” అని ఓదెమ్మ మనిషితో కబురు పంపింది.

వానలు మొదలయ్యాక వెంకట్రాం చందా పెంచాడు. ఓదెమ్మకు పాత కోపం తిరిగొచ్చింది. “అవ్వ క్యాసెట్ మనింట్లనే ఉన్నది. ఇగ ఆనికి చందా ఎందుకు? బంద్ చెయ్యి,” అంది. మొగిలి బంద్ చేశాడు.

తర్వాత జరిగింది మాత్రం ఆమెకు చెప్పలేదు; సారక్క వచ్చేదాకా అవ్వను చూడలేనని ఆమె కూడా క్యాసెట్ జోలికి పోలేదు. ఆమె కూరగాయలకు పోయిన వేళ వెంకట్రాం స్కూటర్ మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చందా లేనప్పుడు నా క్యాసెట్ నాకియ్యి అన్నాడు. షెడ్డులో లారీ డ్రైవర్ల కాలర్లు పట్టుకునే మొగిలి, దొర కొడుకు ముందు చేతులు కట్టుకున్నాడు. లోపలికి పోయి క్యాసెట్ తెచ్చి రెండు చేతులతో అందించాడు. రెండు చేతులతో! ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

పెత్రమాస దగ్గరపడే కొద్దీ అతనికి తిండి సహించలేదు. చివరికి పోయి బకాయితో సహా చందా కట్టి క్యాసెట్ వెనక్కి తెచ్చాడు. అదే డబ్బా, అదే చిరిగిన కాగితం. బీరువా మీద ఎప్పటి చోటే పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

పెత్రమాస నాడు సారక్క చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. అందరూ చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పి ఇష్టమైనవి వండి ఫోటో ముందు పెడతారు. భద్రమ్మకు ఫోటో లేదు. అందుకని ఓదెమ్మ టీవీ ముందే అలికి ముగ్గేసి విస్తరి వేసింది. అన్నం, మటన్ కూర, గారెలు వడ్డించింది. పక్కన కల్లు సీసా పెట్టింది. మొగిలి క్యాసెట్ పెట్టి, పాత సినిమా అయిపోయే చోటుదాకా ముందుకు తిప్పి ఆపాడు. సారక్క చేతులు జోడించుకుని కూర్చుంది.

తెర మీద ఒక బంగళా వచ్చింది. పనిమనిషి ఒకతె వంకరగా నిలబడి, ఏంది, ఎట్ల, గిట్ల అంటూ సాగదీసి మాట్లాడుతోంది. సోఫాల్లో కూర్చున్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

“గిదేంది అక్కా?” అంది సారక్క. “అవ్వేది?”

ఓదెమ్మ మొగుడి వైపు చూసింది. ఆ మొహం చూడగానే ఆమెకు సగం అర్థమైంది. మిగతా సగం అతనే నేల చూపులు చూస్తూ చెప్పాడు. చందా బంద్ చేసినంక వెంకట్రాం క్యాసెట్ తీస్కపోయి పాతదానికంటే పొడుగు సినిమా ఎక్కించినట్టున్నడు, దాని కింద అవ్వ పోయింది అన్నాడు.

మొగిలి క్యాసెట్ ముందుకు తిప్పాడు. సినిమా అయిపోయింది. తెర మీద చుక్కలు చుక్కలుగా మెరిసింది. తర్వాత ఒక్కసారిగా బురద, పచ్చటి నారు, నారు పట్టుకున్న ఒక చెయ్యి. భద్రమ్మ నడుము లేపి కెమెరా వైపు చూసింది. పాట అప్పటికే అయిపోయింది. టీవీ మనిషి ఇంకొక్కటి పాడమని అడుగుతున్నాడు.

“ఇగ సాలు తియ్యి బిడ్డా,” అంది భద్రమ్మ. “నాటు ఆగింది. దొర జూస్తె తిడ్తడు.”

ఆమె మళ్లీ వంగింది. అంతే, బొమ్మ ఆగిపోయింది.

సారక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ఓదెమ్మ లేచి, క్యాసెట్ బయటికి లాగి, ఉన్న చీరతోనే స్టేషన్ రోడ్డుకు నడిచింది. మొగిలి వెనకాలే పోయాడు గానీ పక్కన నడిచే ధైర్యం చెయ్యలేదు.

వెంకట్రాం గల్లా దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎప్పుడూ దొరా అని పిలిచే ఓదెమ్మ ఈసారి ఆ మాట అనలేదు.

“మా అవ్వ మీద సినిమా ఎక్కిచ్చినవా?”

వెంకట్రాం గ్లాసు దింపలేదు. “చందా బంద్ జేసినంక అది లైబ్రరీ క్యాసెట్. నా క్యాసెట్ మీద నా ఇష్టం.”

“ఆమె పోయిందని ఎర్కలేదా? ఫోటో గూడ లేదని ఎర్కలేదా?”

“గంత పాణమైతె ఎనక ముక్క ఇరగ్గొట్టుకోవాలె. ఇరగ్గొట్టినంక ఎవడు ఎక్కిస్తడు?”

“నీ సొమ్మని ఇరగ్గొట్టలె,” అంది ఓదెమ్మ.

వెంకట్రాం నవ్వాడు. “అయినా ఏం పాటలే? మీ అవ్వ మా పొలంల ఏండ్లకేండ్లు పాడింది. వినీ వినీ మా చెవులు తుప్పు వట్టినయ్. చందా కట్టినవ్ గదా, మంచి సినిమా తీస్కపో.”

ఓదెమ్మ మెడలో పుస్తెలతాడుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉంటుంది. దాన్ని తీసి, క్యాసెట్ తిప్పి, వెనక ముక్క కింద గుచ్చి ఎత్తింది. టప్పున విరిగింది. ఆ ముక్కను అతని గల్లాపెట్టె మీద పెట్టింది.

“ఇగ ఎక్కియ్యి, ఏం ఎక్కిస్తవో.”

వెంకట్రాం లేచి నిలబడ్డాడు. “లైబ్రరీ సొమ్ము పాడు జేసినవ్. దానికి పైసలు కట్టాలె. మొగిలీ, జర నీ పెండ్లానికి చెప్పు.”

మొగిలి గడప అవతల నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకోబోయి మధ్యలో ఆపేసి కిందికి వదిలేశాడు. “ఆమె చెప్పిందే, దొరా,” అన్నాడు చివరికి. అది గట్టిగా రాలేదు గానీ వచ్చింది.

“మీ పొలంల ఏండ్లకేండ్లు పాడిందంటివి గదా,” అంది ఓదెమ్మ. “మీరందరు విన్నరు. దానికి చందా ఎవలు కట్టిండ్రు?”

క్యాసెట్ కొంగులో చుట్టుకుని ఆమె వచ్చేసింది. మళ్లీ ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు, మొగిలిని ఎక్కనివ్వలేదు. ఇంటికొచ్చేసరికి విస్తరిలో అన్నం చల్లారిపోయింది. సారక్క పిల్లకు పాలిస్తూ, ఖాళీ తెర వైపే చూస్తూ కూర్చుని ఉంది. ఓదెమ్మ క్యాసెట్ పెట్టింది. ఏ మీట నొక్కాలో మొగిలి చూపించాడు. భద్రమ్మ మళ్లీ బురదలోంచి నడుము లేపింది.

“ఇగ సాలు తియ్యి బిడ్డా. నాటు ఆగింది. దొర జూస్తె తిడ్తడు.”

“తిట్టనియ్యవ్వా,” అంది ఓదెమ్మ, కల్లు సీసా తెర దగ్గరికి జరుపుతూ.